లీటరు నీళ్ళ లెక్క

సోంపేట దగ్గర మా మావయ్యవాళ్ళింట్లో ఫ్రిజ్ మీద ఒక లీటరు సీసా ఉంటుంది. పొద్దున్నే అత్త దాన్ని నింపి పెడుతుంది. మావయ్య మజ్జిగ తాగినా, టీ తాగినా, మాత్ర కోసం గుక్కెడు నీళ్ళు మింగినా, అంత మేరా సీసాలోంచి తీసెయ్యాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి దాహం కూడా అయిపోయినట్టే. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, కానీ పొటాషియం వల్ల బొండాం ముట్టకూడదు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే మనిషి లెక్కలివి.

ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుంచి వచ్చిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం – జీడి, కొబ్బరి, పనస తోటల సీమ. ఇక్కడ షుగరూ బీపీ లేని రైతులకీ కూలీలకీ కిడ్నీలు పాడవుతున్నాయని రెండు దశాబ్దాలకి పైగా డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకునేవాణ్ణి. మావయ్య సీసా చూశాక మాత్రం, స్కూల్లో మార్కుల కోసం బట్టీపట్టిన ఒక మాట వెనక ఉన్న చరిత్ర చదవాలనిపించింది.

ఆ మాట ద్రవాభిసరణం. పల్చటి పొరకి అటూ ఇటూ ద్రావణాలుంటే, నీరు పల్చటి వైపు నుంచి చిక్కటి వైపుకి తనంతట తనే వెళ్తుంది. అభిసారికలో ఉన్నదీ ఆ మాటే. ఈ పేరు పెట్టినాయన ప్రబంధాలు బాగానే చదివుంటాడు.

1748లో ఫ్రాన్సులో నొల్లె అనే మతాచార్యుడు ఒక పాత్రలో ఆల్కహాల్ నింపి, మూతికి పంది మూత్రాశయపు పొర కట్టి, నీళ్ళలో ముంచాడు. పొర పైకి ఉబ్బింది. నిజానికి ఆయన వెతుకుతున్నది వేరు, ద్రవాలు ఎందుకు మరుగుతాయన్నది. చేతికందిన పొర మూత్రాశయానిది కావడం కాకతాళీయమే, కానీ నాకైతే అది మరపుకి రాదు. మాగాయ ముక్కలకి ఉప్పు కలిపి జాడీలో పెడితే మర్నాటికి ఊట దిగుతుంది చూడండి, అదీ ఇదే. మన అమ్మమ్మలు సిద్ధాంతం కోసం ఆగలేదు.

కిడ్నీలోనూ ఉప్పుజాడీ ఒకటుంది. మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకి సుమారు 180 లీటర్లు వడకడతాయి, బయటికి పోయేది లీటరున్నర. మిగతాదంతా వెనక్కి లాగేది ఈ ద్రవాభిసరణమే. 1862లో హెన్లె అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కిడ్నీ లోపల తలపిన్నుల్లా వంగి తిరిగిన సన్నటి గొట్టాలని వర్ణించాడు. అవెందుకలా వంగాయో తేలడానికి తొంభై ఏళ్ళ దాకా పట్టింది. 1951లో స్విట్జర్లాండులో విర్ట్స్, హర్గితాయి, కూన్ ఎలుకల కిడ్నీలని గడ్డకట్టించి, పల్చగా కోసి, ఏ పొర ఏ ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుందో చూశారు. లోపలికి వెళ్ళేకొద్దీ ఉప్పదనం పెరుగుతూ పోయింది. ఇంత సాదా ప్రయోగంతో అంత పెద్ద ప్రశ్న తెగిపోవడం చూస్తే, డీబగ్గింగ్ చేసేవాడిగా నాకు అసూయ పుడుతుంది. మనిషిలో ఆ లోతట్టు చిక్కదనం రక్తానికి నాలుగు రెట్ల దాకా వెళ్తుంది.

మరి ఆ ఉప్పుటూటలో బతికే కణాలు మామిడిముక్కల్లా ఎందుకు ముడుచుకుపోవు? అవి తమ లోపల సార్బిటాల్ లాంటి పదార్థాలని పోగుచేసుకుని బయటి చిక్కదనానికి సరితూగుతాయి. 1980లలో అమెరికాలో మారిస్ బర్గ్ బృందం దీన్ని వివరంగా పట్టుకుంది. గ్లూకోజ్‌ని సార్బిటాల్‌గా మార్చే ఎంజైము ఆల్డోజ్ రిడక్టేజ్. ఉద్దానం కథకి ఇది ఇక్కడే తగులుతుంది. సార్బిటాల్ మరో మెట్టు దాటితే ఫ్రక్టోజ్ అవుతుంది. 2014లో కొలరాడో పరిశోధకులు చిట్టెలుకలని పదేపదే వేడికి గురిచేసి, వెంటనే నీళ్ళివ్వకుండా చూస్తే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఫ్రక్టోజ్‌ని విరిచే ఎంజైము లేని ఎలుకలు చాలామేరకు తప్పించుకున్నాయి. అంటే దాహాన్ని తట్టుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటే, రోజూ వాడితే, కిడ్నీకి ఎదురుతిరుగుతుందా? ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీల జబ్బుకి కొందరు ఈ వివరణే ఇస్తున్నారు.

ఉత్సాహంగా ఇదంతా చెప్తే మావయ్య ఒక్క మాటతో పడగొట్టాడు. "ఎండ మనకొక్కరికేనేట్రా అల్లుడూ? రెంటచింతలలో ఎండ లేదేటి?"

నా దగ్గర జవాబు లేదు. సిలికా, ఫ్లోరైడ్, పురుగుమందులు, నొప్పి మాత్రలు – అన్నిటినీ అనుమానించారు, ఏదీ రుజువు కాలేదు. నీళ్ళు మారిస్తే జబ్బు పోతుందని అందరం నమ్ముతాం. నమ్మకం మంచిదే. కానీ బాల్కన్ దేశాల అనుభవం నన్ను సందేహంలో పడేస్తుంది. డాన్యూబ్ ఉపనదుల ఒడ్డు పల్లెల్లో ఇలాంటి కిడ్నీ జబ్బునే 1950లలో గుర్తించారు. నీళ్ళని తిట్టారు, బొగ్గుని తిట్టారు. చివరికి 2007 నాటికి వేళ్ళు గోధుమ చేలల్లో మొలిచే ఒక కలుపు మొక్క వైపు తిరిగాయి. దాని గింజల్లోని విషం పిండిలో కలిసి రొట్టెల్లోకి చేరిందని. మనకీ కలుపు మొక్కే కారణమని కాదు. అనుమానం నీళ్ళ దగ్గరే ఆగిపోకూడదని.

2023 డిసెంబరులో హిరమండలం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాయి. ఆ ఆసుపత్రుల్లో తిరిగే యంత్రానికి పూర్వీకుడు 1943లో, నాజీ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో కోల్ఫ్ అనే డాక్టరు కట్టినది. పొర కోసం సాసేజ్‌లకి చుట్టే సెల్లోఫేన్ గొట్టం వాడాడు. నొల్లె పంది పొర నుంచి అక్కడిదాకా దాదాపు రెండొందల ఏళ్ళు.

"ఆ గోధుమల ఊళ్ళలో ఎన్నేళ్ళు పట్టిందన్నావు?" అని మొన్న డయాలసిస్ నుంచి వచ్చాక అడిగాడు మావయ్య.

"యాభై."

లెక్కేసుకున్నట్టు కాసేపు ఊరుకుని, సీసాలో ఎంతుందో చూడమని అత్తని కేకేశాడు.