రియాక్ట్ పుట్టుక - తెరమీది అంకె కథ

తరగతి గదిలో నల్లబల్ల పైమూలను పట్టీలో ఉన్నవారు ఇందరు, హాజరైనవారు ఇందరు అని వ్రాయుట మనకు పరిపాటి. ఆలస్యముగా వచ్చిన పిల్లవానికి పంతులుగారు పట్టీలో హాజరు వేసి, బల్లమీది అంకెను దిద్దుట మరచినారనుకొందము. ఇప్పుడు పట్టీ ఒకటి చెప్పును, బల్ల మరియొకటి చెప్పును. ఇట్టి చిక్కే ఫేస్‌బుక్ సంస్థ ఇంజనీర్లను కొంతకాలము వేధించినది. క్రొత్త సందేశము వచ్చినట్లు తెరపై అంకె కనబడును. తెరచి చూడగా ఏమియు ఉండదు. దోషమును సరిచేయుదురు, కొన్నాళ్లకది మరల తలయెత్తును. ఈ సంగతిని 2014లో ఆ సంస్థవారే ఒక సభలో చెప్పుకొన్నారు.

దీనికి మూలము కొంత వెనుక ఉన్నది. 1989లో సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించినప్పుడు అది పత్రములను చదువుకొనుటకు ఏర్పడిన సాధనము. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పదిదినములలో జావాస్క్రిప్ట్ తొలిరూపమును సిద్ధము చేసినాడు. దానితో పుటలకు చలనము వచ్చినది. అయితే ఆ చలనములో ప్రతి అడుగును ప్రోగ్రాము వ్రాయువాడే చెప్పవలెను: ఈ వరుసను తీసివేయుము, ఆ గడిలో అంకెను ఒకటి తగ్గింపుము. పది ఆదేశములున్నప్పుడు భయము లేదు. వేలకొలది ఉన్నప్పుడు ఒకటి మరువకుండుట మానవసాధ్యము కాదు.

2011లో అదే ఫేస్‌బుక్‌లో పనిచేయుచున్న జోర్డన్ వాక్ మరియొక త్రోవ పట్టినాడు. తెరను ఎట్లు మార్చవలెనో చెప్పనక్కరలేదు. సమాచారము ఇట్లున్నప్పుడు తెర ఎట్లుండవలెనో చెప్పిన చాలును. పట్టీ మారినంతనే బల్లను మొదటినుండి మరల వ్రాయించుటవంటిది ఈ పద్ధతి. తెరను కాంపొనెంట్లు అను చిన్న అంగములుగా విడదీసి, ఒక్కొక్క అంగమునకు దాని రూపమును వర్ణించుదురు.

ప్రతిసారి అంతయు తుడిచి వ్రాసిన కాలహరణము కాదా? అందుకే రియాక్ట్ ముందుగా కంప్యూటరు స్మృతిలో క్రొత్త చిత్రమును వేసికొని, పాతదానితో పోల్చి, భేదమున్నచోట మాత్రమే తెరను తాకును. ఈ పోల్చుటయే కఠినమైన భాగము. రెండు వృక్షాకృతులను సంపూర్ణముగా పోల్చు సాధారణ గణితపద్ధతిలో 1000 మూలకములకు 100 కోట్ల పోలికలు కావలసివచ్చును. రియాక్ట్ కర్తలు పరిపూర్ణతను వదలుకొని రెండు ఊహలను ఆశ్రయించినారు: మూలకపు జాతి మారినచో దాని క్రింది భాగమంతయు క్రొత్తదే, వరుసలలో ప్రతిదానికి ఒక గుర్తు ఉండును. దానితో పని మూలకముల సంఖ్యకు అనులోమముగా తగ్గినది.

2013 మే నెలలో దీనిని అందరికి విడుదల చేసినప్పుడు పలువురు పెదవి విరచినారు. రూపమును తెలుపు భాష వేరు, నడకను తెలుపు భాష వేరు అని ఏండ్లుగా నేర్చినవారికి రెండును ఒకేచోట కలిపి వ్రాయుట అనాచారముగా తోచినది. నా మట్టుకు ఆ అనుమానము అకారణము కాదు. కాని ఒక అంగమునకు సంబంధించినదంతయు ఒకచోట ఉండుటలోని సుఖము వాడినకొలది తెలియును. లైసెన్సులోని పేటెంటు నిబంధనపై లేచిన తగవు 2017లో ఎం.ఐ.టి. లైసెన్సుతో సమసినది. 2019లో హుక్స్ వచ్చి, అంగమును సామాన్యమైన ఫంక్షనుగా వ్రాయుట వాడుకలోనికి వచ్చినది.

మొదటిసారి చేయబూనిన విద్యార్థులు హాజరు పట్టీనే తీసికొనవచ్చును. ఒక విద్యార్థి వరుస ఒక అంగము, పట్టీ మరియొకటి, పైని మొత్తము ఇంకొకటి. హాజరు గుర్తులను పట్టీలో స్థితిగా దాచవలెను. మొత్తమును మాత్రము వేరుగా దాచరాదు, ఎప్పటికప్పుడు లెక్కించవలెను. క్రొత్తవారు సాధారణముగా తప్పునది ఇక్కడనే: మొత్తమునకు వేరొక స్థితిని కల్పించి, నల్లబల్ల చిక్కును చేజేతుల తెచ్చుకొందురు. ఇక ప్రతి వరుసకు గుర్తుగా ఏమి ఈయవలెను? పేరు పనికిరాదు, తరగతిలో ఇద్దరు లక్ష్ములుండవచ్చును. వరుస స్థానమును పనికిరాదు, మధ్యలో ఒకరు చేరిన స్థానములన్నియు జరుగును. రోలు నంబరు ఇచ్చిన సరిపోవును.