భూగోళశాస్త్రం (విశ్వవిద్యాలయ విద్య, ఉద్యోగాలు)

నేలరూపాలు, శీతోష్ణస్థితి, జనావాసాలు, వీటి మధ్య సంబంధాలను అధ్యయనం చేసే శాస్త్రం. భారతదేశంలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం ఈ విభాగాన్ని 1924లో ప్రారంభించింది. తెలుగునాట ఉస్మానియాలో ఈ విభాగం ఉంది. బడిలో రాజధానులు, నదుల పేర్లు బట్టీపట్టే చదువుకూ దీనికీ పోలిక తక్కువ.

అసలు చదువు ప్రాక్టికల్స్‌లోనే సాగుతుంది. సర్వే ఆఫ్ ఇండియా (స్థాపన 1767) ముద్రించే 1:50,000 స్కేలు టోపోషీట్‌లో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. సమోన్నత రేఖలు ఒత్తుగా ఉంటే నిటారు వాలు, ఎడంగా ఉంటే చదునుకు దగ్గర. విద్యార్థులు ఈ రేఖల ఆధారంగా కొండ అడ్డుకోత గీస్తారు. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చని వరిచేలు తరచు ఎర్రగా కనిపించి కొత్తవారిని తికమకపెడతాయి. ఆరోగ్యంగా ఉన్న ఆకు సమీప పరారుణ కాంతిని బాగా పరావర్తనం చేస్తుంది. కంటికి కనబడని ఆ కాంతికి చిత్రంలో ఎరుపు రంగు కేటాయిస్తారు.

ఉద్యోగాల విషయానికొస్తే, బోధన పాత దారి. పటాల తయారీకి కోల్‌కతాలో 1956లో ఎస్.పి. చటర్జీ సారథ్యంలో మొదలైన జాతీయ అట్లాసు సంస్థ, ఉపగ్రహ సమాచారానికి హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ పేరున్నవి. సివిల్స్ మెయిన్స్‌లో భూగోళశాస్త్రం ఐచ్ఛిక సబ్జెక్టు. జనరల్ స్టడీస్‌కూ పనికొస్తుందని ఇంజినీర్లు సైతం ఎంచుకుంటారు. పట్టణ ప్రణాళిక, విపత్తు నిర్వహణ, నీటి వనరుల రంగాల్లోనూ అవకాశాలున్నాయి. ప్రైవేటు కొలువుకు మాత్రం ఉత్త డిగ్రీ చాలదు. క్యూజీఐఎస్, ఆర్క్‌జీఐఎస్ వంటి సాఫ్ట్‌వేర్లపై చేయి తిరగాలి, కాస్త పైథాన్ కూడా వస్తే మంచిది.