బెజవాడ లోకో షెడ్లు: రైలింజన్ల మరమ్మతు, ఆధునికీకరణ చరిత్ర

విజయవాడ జంక్షన్‌ను ఆనుకుని తరతరాలుగా నడుస్తున్న రైలింజన్ల మరమ్మతు కేంద్రాలే బెజవాడ లోకో షెడ్లు. ఆవిరి, డీజిల్, కరెంటు, ఈ మూడు కాలాల ఇంజన్లనూ ఇక్కడి ఫిట్టర్లు విప్పి బిగించారు. మద్రాసు, సికింద్రాబాదు, విశాఖపట్నం, గుంటూరు, మచిలీపట్నం వైపులకు లైన్లు చీలే చోటు ఇది. అందువల్ల ఇంజన్ మార్చడం, నీళ్ళు పట్టడం, సిబ్బంది మారడం, చిన్నా పెద్దా రిపేర్లు చూసుకోవడం అన్నీ ఇక్కడే జరగాల్సి వచ్చింది. ఈ షెడ్ల చరిత్రను కొత్తగా వచ్చిన ఇంజన్ల జాబితాగా రాస్తే సగమే రాసినట్టు. ఒక్కో ఇంజన్ తన ముప్పై నలభై ఏళ్ళ సర్వీసులో లోపలి సరుకును ఎన్నిసార్లు మార్చుకుందో చూస్తేనే తక్కిన సగం తెలుస్తుంది.

బెజవాడకు రైలు ఒక దిక్కునుంచి రాలేదు. గోవా తీరం నుంచి హుబ్బళ్ళి, గుంతకల్లు మీదుగా సదరన్ మరాఠా రైల్వే మీటర్ గేజి లైను ఇటు సాగింది. సికింద్రాబాదు నుంచి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే బ్రాడ్ గేజి లైను 1889లో చేరింది. సింగరేణి బొగ్గుకు దారి చూపింది ఆ లైనే. కృష్ణ మీద రైలు వంతెన 1893లో పూర్తయింది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–96 మధ్య ఇక్కడినుంచి కటక్ దాకా పట్టాలు పరిచింది. 1899లో మద్రాసుతో లంకె కుదిరింది. రెండు గేజీలు, ఎవరి ఇంజన్లు వాళ్ళవి, ఎవరి విడిభాగాలు వాళ్ళవి. పెద్ద మరమ్మతులకు కూడా ఎవరి పుట్టిల్లు వారిదే: సదరన్ మరాఠా ఇంజన్లకు హుబ్బళ్ళి, మద్రాసు వాటికి పెరంబూరు, నిజాం వాటికి 1893లో పెట్టిన లాలాగూడ. బెజవాడ షెడ్లకు మిగిలింది రోజువారీ పని. అయితే రైలు వేళకు కదిలిందా లేదా అన్నది ఈ పని మీదే ఆధారపడేది.

ఆవిరి ఇంజన్‌కు అసలు శత్రువు నీళ్ళే. నీటిలోని లవణాలు బాయిలర్ లోపల పెచ్చు కడతాయి. పెచ్చు మందమైతే వేడి నీటికి చేరదు, రేకు కాలిపోతుంది. అందుకే నియమిత వ్యవధిలో ఇంజన్‌ను చల్లార్చి, బాయిలర్ అడుగునున్న ప్లగ్గులు విప్పి, ఒత్తిడితో నీళ్ళు కొట్టి, ఇనుప కడ్డీలతో గీకి కడిగేవారు. దీన్నే వాషవుట్ అనేవారు. కారుతున్న గొట్టాలను ఎక్స్‌పాండర్‌తో బిగించడం, విరిగిన స్టే బోల్టులు మార్చడం, బూడిద గుంటలో నిప్పు దింపడం ఖలాసీలకూ బాయిలర్ మేకర్లకూ నిత్యకృత్యం. కొలిమి పైకప్పులో ఒక చిన్న సీసపు ప్లగ్గు ఉండేది. నీటి మట్టం కప్పు కిందికి పడిపోతే సీసం కరిగి, ఆవిరి బుస్సున కొలిమిలోకి దూకి ప్రమాదాన్ని ముందే చాటేది. ఆ ప్లగ్గు కరిగిందంటే డ్రైవర్‌కూ ఫైర్‌మన్‌కూ సంజాయిషీ తప్పదు.

ఇంజన్‌ను మెరుగుపరిచే పనులు కూడా ఆ కాలం నుంచే ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో చాలా కంపెనీలు తమ పాత ఇంజన్లకు ఆవిరిని మరింత వేడిచేసే సూపర్‌హీటర్లు పెట్టించాయి. అదే బొగ్గుకు ఎక్కువ పని దక్కింది. 1937లో బిహార్‌లోని బిహ్తా దగ్గర ఘోర ప్రమాదం జరిగాక ఎక్స్‌బీ తరగతి పసిఫిక్ ఇంజన్ల ఊగిసలాట మీద విచారణ సాగింది. ఆ పాఠాలతో, బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గుకు సరిపడే కొలిమితో 1947లో డబ్ల్యూపీ వచ్చింది. గుండ్రటి ముక్కుతో మెయిల్ బండ్లు లాగిన ఈ ఇంజన్ ఆ తరం ప్రయాణికులందరికీ తెలిసిందే.

డెల్టాలోని బ్రాంచి లైన్ల కథ వేరు. మచిలీపట్నం లైను 1908లో, గుడివాడ–భీమవరం లైను 1928లో మీటర్ గేజి మీద మొదలయ్యాయి. 1960ల తొలినాళ్ళలో వాటిని బ్రాడ్ గేజికి మార్చడంతో డెల్టా బండ్లకు విడిగా మీటర్ గేజి ఇంజన్లు పోషించాల్సిన అవసరం తీరింది. మీటర్ గేజి బరువు ఇక గుంటూరు వైపే మిగిలింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక విజయవాడ డివిజన్ దాని కిందికి వచ్చింది.

డీజిల్ కాలాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 ఇంజన్ దశాబ్దాల పాటు అన్ని పనులకూ దిక్కయింది. దానికే మెరుగైన టర్బోచార్జరూ ఇతర మార్పులూ చేసి 3,100 హార్స్‌పవర్‌కు పెంచిన రూపం డబ్ల్యూడీఎం-3ఏ. బయటినుంచి చూస్తే పాత ఇంజనే.

మద్రాసు లైనుకు 1980 నాటికి కరెంటు వచ్చింది. అదే ఏడు విజయవాడ ఎలక్ట్రిక్ లోకో షెడ్ మొదలైంది. కాజీపేట వైపు తీగలు 1985–88 మధ్య సాగాయి, విశాఖ వైపు పని 1990ల చివర్లో ముగిసింది. ఇక్కడ తొలి తరం ఇంజన్ డబ్ల్యూఏఎం-4. షెడ్ సిబ్బంది చేతుల్లో ఎక్కువగా మారిన ఇంజన్ కూడా ఇదే అనవచ్చు. దీని ఆరు ట్రాక్షన్ మోటార్లను మొదట సీరీస్‌లోనూ పారలల్‌లోనూ మార్చుకుంటూ నడిపేవారు. సీరీస్‌లో ఉన్నప్పుడు ఒక చక్రం జారితే ఆ మోటారు వోల్టేజిని తనవైపు లాక్కుంటుంది, జతగా ఉన్నది నీరసిస్తుంది, బండి ఎక్కుడులో నిలబడిపోతుంది. తరవాత ఆరింటినీ శాశ్వతంగా పారలల్‌లో కలిపిన రూపాలు వచ్చాయి. కాగితం మీద అది వైరింగు మార్పు. గూడ్సు డ్రైవర్‌కు మాత్రం వానాకాలంలో ప్రాణం లేచొచ్చినంత పని.

ఇంకో పెద్ద మార్పు ఆర్నో. పైతీగ నుంచి వచ్చేది సింగిల్ ఫేజు. బ్లోయర్లకూ కంప్రెసర్లకూ కావలసింది మూడు ఫేజులు. ఆ పని ఆర్నో కన్వర్టర్ అనే తిరిగే యంత్రం చేసేది. అది ఇచ్చే మూడు ఫేజులు ఎప్పుడూ సమంగా ఉండవు కాబట్టి సహాయక మోటార్ల వైండింగులు వేడెక్కి కాలేవి. దాని స్థానంలో 180 కేవీఏ స్టాటిక్ కన్వర్టర్లు బిగించాక ఆ తలనొప్పి చాలావరకు తగ్గింది. డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏజీ-7, డబ్ల్యూఏపీ-4లకు కూడా ఈ మార్పు జరిగింది. వీటితోపాటే వ్యాక్యూమ్ బ్రేకుల నుంచి ఎయిర్ బ్రేకులకు, పాంటోగ్రాఫ్ మీద ఉక్కు పట్టీల నుంచి కార్బన్ పట్టీలకు మారారు.

ట్రాక్షన్ మోటారు మార్చడం షెడ్‌లో చూడదగ్గ పని. మోటారు ఒక వైపు ఇరుసు మీద, ఇంకో వైపు బోగీ (చక్రాల చట్రం) మీద ఆని ఉంటుంది. ఇంజన్‌ను పిట్ మీద నిలిపి, చక్రాల జతతో సహా మోటారును కిందికి దింపుతారు. కమ్యుటేటర్ మీద నల్లటి చారలు పడ్డాయా, బ్రష్షులు ఏ మేరకు అరిగాయి అని చూసి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలుస్తారు. తేమ పట్టిన ఆర్మేచర్‌ను ఓవెన్‌లో ఆరబెట్టి వార్నిష్ పట్టిస్తారు. పినియన్‌ను వేడిచేసి, సాగిన క్షణంలోనే షాఫ్టు మీదికి ఎక్కించాలి. ఆలస్యమైతే మధ్యలో పట్టేసి మొత్తం పని మళ్ళీ మొదటికొస్తుంది. చక్రానికీ ఒక లెక్కుంది: కొత్తది 1,092 మిల్లీమీటర్లు, 1,016కు అరిగితే పనికిరాదు. ఒక ఇరుసు చక్రాన్ని లేత్ మీద చెక్కితే మిగతా ఇరుసుల వ్యాసాలు కూడా దానికి దగ్గరగా ఉండేలా చూడాలి. లేదంటే మోటార్లు భారాన్ని సరిగా పంచుకోవు.

1990ల మధ్యలో ఏబీబీ కంపెనీ నుంచి వచ్చిన డబ్ల్యూఏపీ-5, డబ్ల్యూఏజీ-9లతో త్రీఫేజ్ ఇంజన్ల కాలం మొదలైంది. కమ్యుటేటర్ లేదు, బ్రష్షు లేదు, 32 మెట్ల ట్యాప్ ఛేంజర్ లేదు. పాత ఇంజన్లో డీజే (ప్రధాన సర్క్యూట్ బ్రేకర్) ట్రిప్పయితే చెవితో విని, ముక్కుతో వాసన పట్టి లోపం చెప్పగల ఫిట్టర్లుండేవారు. కొత్త ఇంజన్ లోపాన్ని తెర మీద సందేశంగా చూపిస్తుంది, చెడిన కార్డు తీసి కొత్తది పెడతారు. దీన్ని నైపుణ్యం తగ్గడంగా చూసే పాతవాళ్ళ బాధలో కొంత నిజముంది. కానీ ఆ సందేశం తప్పుదారి పట్టించినప్పుడు అసలు కారణం వెతకడానికి ఇప్పటికీ అనుభవమే దిక్కు.

ఇటీవలి మార్పుల్లో రెండు ముఖ్యం. ప్యాసింజర్ ఇంజన్లకు హోటల్ లోడ్ కన్వర్టర్లు అమర్చడంతో బోగీల దీపాలకూ ఏసీలకూ కరెంటు ఇంజనే ఇస్తోంది, డీజిల్ జనరేటర్ పెట్టెల అవసరం తగ్గింది. రెండోది కవచ్. రెడ్ సిగ్నల్ దాటబోయే బండికి తానే బ్రేకు వేసే ఈ వ్యవస్థను 2020లో జాతీయ ప్రమాణంగా స్వీకరించారు. దీని తొలి ప్రయోగాలు, తొలి విస్తరణ దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. ఈ జోన్‌లో 1,465 కిలోమీటర్ల మార్గంలో దీన్ని అమర్చారు. యాంటెన్నాలు, రేడియో, బ్రేకు ఇంటర్‌ఫేస్ లాంటి పరికరాలను నడుస్తున్న ఇంజన్లకే అమర్చాలి కాబట్టి ఆ భారం షెడ్ల మీదే పడుతుంది.

విజయవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, మచిలీపట్నం, నిడదవోలు లైన్ల డబ్లింగ్, విద్యుదీకరణ పథకం 221 కిలోమీటర్లది. అది పూర్తికావడంతో డెల్టా బండ్లను కూడా కరెంటు ఇంజన్లే లాగుతున్నాయి. ఇలా డీజిల్ పని తగ్గడంతో దేశంలో చాలా డీజిల్ షెడ్లు ఇప్పుడు కరెంటు ఇంజన్ల మరమ్మతు నేర్చుకుంటున్నాయి.