అందరికీ నచ్చింది, నాకు నచ్చలేదు



కిందటి నెలలో మా ఇంటిల్లిపాదీ కలిసి ఓ సినిమాకి వెళ్ళాం. ఊరంతా మెచ్చుకుంటున్న బొమ్మ. టిక్కెట్లు దొరకడమే గొప్ప అన్నారు. సరే, పాటలయ్యాయి, ఫైటింగులయ్యాయి. ఇంటర్వెల్ ఇంకా కాకముందే కథానాయకుడు కథానాయిక చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆ పిల్ల చేసిన నేరమల్లా అతనికి ఎదురు చెప్పడమే. దెబ్బ పడగానే హాలంతా ఈలలు, చప్పట్లు. నా పక్క సీట్లో మా అమ్మాయి కూడా పకపకా నవ్వింది. నాకు మటుకు గొంతులో ముల్లు పడ్డట్టయింది.

మర్నాడు పొద్దున్న పక్కింటావిడ "ఎలా ఉంది పిన్నిగారూ బొమ్మ?" అని అడిగింది. "బావుందమ్మా, ఒకసారి చూడొచ్చు" అనేశాను. లోపలికొచ్చి కాఫీకి డికాక్షను వేస్తూ అనుకున్నాను కదా, ఇదేం చోద్యం? ఇంత వయసొచ్చి, ఓ సినిమా నచ్చలేదని చెప్పడానికి జంకెందుకు?

మీకూ ఇలాంటిది జరిగే ఉంటుంది. కాకరకాయ కూర సయించదంటే ఎవరూ ఏమీ అనుకోరు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని సరిపెట్టుకుంటారు. సినిమా నచ్చలేదంటే మాత్రం "అబ్బో, ఆవిడకేదీ ఆనదు" అంటారు. అంచేత నలుగురితో నారాయణా అనేస్తాం. కాని నలుగురూ మెచ్చినదాన్ని మెచ్చనివాళ్ళు మన దేశంలో సినిమా పుట్టిన కొత్తల్నించీ ఉన్నారు. వాళ్ళేం చేశారు, దానివల్ల ఏం జరిగింది అన్నది తెలుసుకోదగ్గ చరిత్ర. అందులో మనలాంటి గృహిణులు కూడా ఉన్నారు సుమండీ!

మొదట చెప్పుకోవలసింది గాంధీగారి గురించే. 1927లో ప్రభుత్వం సినిమాల మంచిచెడ్డలు విచారించమని మద్రాసు న్యాయవాది టి. రంగాచారిగారి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం దేశంలోని పెద్దలందరికీ ప్రశ్నలు పంపింది. గాంధీగారు తాను ఎన్నడూ సినిమాకి వెళ్ళలేదనీ, అయినా దానివల్ల జరిగే చెడుపు కళ్ళకి కడుతూనే ఉందనీ జవాబు రాశారు. ఇది చూసి సినిమావాళ్ళు నొచ్చుకున్నారు. 1939లో రచయిత కె.ఎ. అబ్బాస్ 'ఫిల్మ్ ఇండియా' పత్రికలో గాంధీగారికి ఒక బహిరంగ లేఖ కూడా రాశారు. మంచి సినిమాలూ ఉన్నాయి, మీ అభిప్రాయం కాస్త మార్చుకోండి అని దాని సారాంశం. చివరికి 1944లో జుహూలో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ఆయన విజయ్ భట్ తీసిన 'రామరాజ్య' సినిమా చూశారు. అంతే. ఆయన మహానుభావుడు, కాదనను. కాని చూడకుండానే బాగాలేదనడం ఒక పద్ధతి. రుచి చూడకుండానే కూరలో ఉప్పెక్కువైందన్నట్టు ఉంటుంది, ఎంతటివారు అన్నా సరే.

రెండో పద్ధతి మనలాంటివాళ్ళది. 1954లో ఢిల్లీలో సుమారు 13,000 మంది స్త్రీలు సంతకాలు చేసి ప్రధానమంత్రి నెహ్రూగారికి ఒక అర్జీ ఇచ్చారు. సినిమాలవల్ల పిల్లలు బడి ఎగ్గొడుతున్నారు, వయసుకి మించిన వేషాలు నేర్చుకుంటున్నారు, మీరు ఏదో ఒకటి చేసి దీన్ని అరికట్టండి అని ఆ తల్లుల మొర. పదమూడువేల సంతకాలంటే మాటలా! ఎన్ని ఇళ్ళ తలుపులు తట్టి ఉంటారు, ఎన్ని మధ్యాహ్నాలు ఎండలో తిరిగి ఉంటారు! అదే సంవత్సరం రాజ్యసభలో లీలావతీ మున్షీగారు చెడ్డ సినిమాలను అరికట్టాలని తీర్మానం తెచ్చారు. నెహ్రూగారు ఆ తల్లుల బెంగని కొట్టిపారెయ్యలేదు. అయితే ఈ కాలంలో సినిమాకి తన స్థానం తనకుందనీ, అంత బలమైన సాధనంలో మంచీ చెడూ రెండూ ఉంటాయనీ, మంచిని పెంచుకోవాలనీ చెప్పారు.

ఆ తల్లులను చూసి నవ్వడానికి నాకు నోరు రాదు. పిల్లల కోసం పడ్డ తాపత్రయం అది. కాని ఒక్క సంగతి గమనించండి. వాళ్ళు "మాకు ఇది నచ్చలేదు, ఇందుకు నచ్చలేదు" అని సినిమా తీసేవాళ్ళతో చెప్పలేదు. "ఎవరూ చూడకుండా చెయ్యండి" అని సర్కారుతో చెప్పారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా ఎంతదో ఆ రోజుల్లోనే రేడియోలో తేలిపోయింది.

1952లో బి.వి. కేస్కర్‌గారు కేంద్రంలో సమాచార ప్రసారశాఖ మంత్రి అయ్యారు. సంగీతజ్ఞానం ఉన్న మనిషి. శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటలంటే గిట్టదు. రేడియోలో సినిమా పాటలు బాగా తగ్గించేశారు. సినిమా పేరు చెబితే ప్రచారం చేసినట్టవుతుందని పేరు చెప్పడం కూడా మాన్పించారు. నిర్మాతలకి కోపం వచ్చి, అలాగైతే మా పాటలు మీకివ్వం పొమ్మన్నారు. చివరికి ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు వినపడకుండా పోయింది. మరి జనం పాటలు వినడం మానేశారా? మానలేదు. రేడియో మీట తిప్పి సిలోన్ పెట్టుకున్నారు! ఆ 1952లోనే రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' మొదలెట్టారు. దేశమంతా ఆ గంట కోసం చెవులు రిక్కించుకుని కూచునేది. ఇలా అయిదేళ్ళు గడిచాక, 1957 అక్టోబరులో మన ఆకాశవాణే వివిధభారతి పేరిట సినిమా పాటలను మళ్ళీ పీట వేసి పిలిచింది.

కాని కేస్కర్‌గారి కాలంలో వ్యర్థమైనదే అంతా అనుకోకండి. సినిమా పాట వద్దన్నవాళ్ళు దాని బదులు ఏదో ఒకటి వడ్డించాలి కదా! ఆ అవసరంలోంచే రేడియోలో లలిత సంగీతం బాగా పెరిగింది. మన తెలుగులో బాలాంత్రపు రజనీకాంతరావుగారు, పాలగుమ్మి విశ్వనాథంగారు కట్టిన బాణీలు ఎన్ని ఇళ్ళల్లో వంటలు చేసుకుంటూ పాడుకున్నాం! దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు రేడియోకి గేయాలు రాశారు. ఆయనే 1951లో 'మల్లీశ్వరి' సినిమాకీ పాటలు రాశారు. అంటే ఏమిటన్నమాట? పాట సినిమాదా రేడియోదా అన్నది కాదు, మంచిదా కాదా అన్నదే లెక్క. కేస్కర్‌గారు ఆపినవి ఆగలేదు. ఆ రోజుల్లో మొలిచినవి మాత్రం మిగిలాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆపే అధికారం ఒకరి చేతికి ఇచ్చామంటే అది మనకి నచ్చనివాటిమీదే పడుతుందని ఏమిటి నమ్మకం? మన నెల్లూరు కవి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డిగారు తెలుగులో 'పెళ్ళినాటి ప్రమాణాలు' వంటి సినిమాల నిర్మాణంలో పాలుపంచుకున్నవారే. ఆయన 1970లో కన్నడంలో 'సంస్కార' తీశారు. యు.ఆర్. అనంతమూర్తిగారి నవల అది. ఒక అగ్రహారంలో ఒకాయన చనిపోతే, ఆచారాలు విడిచినవాడికి దహనం ఎవరు చెయ్యాలి అన్న తగవు కథ. ఆడా మగా చెట్లచుట్టూ తిరగడం లేదు, ఫైటింగులు లేవు. అలాంటి సినిమాకి మద్రాసు సెన్సారువారు మొదట అనుమతి ఇవ్వలేదు! పైవాళ్ళదాకా వెళ్ళి, ఎలాగో గట్టెక్కి, ఆ ఏటి ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి తెచ్చుకుంది. అందులో చంద్రి వేషం వేసినావిడ పట్టాభిగారి భార్య స్నేహలతారెడ్డి. ఎమర్జెన్సీలో ఆమెని జైల్లో పెట్టారు. ఉబ్బసంతో నానా బాధా పడి, విడుదలైన కొద్ది రోజులకే 1977 జనవరిలో కన్నుమూశారు. చెడ్డవాటిని ఆపమని తల్లులు అర్జీ పెట్టుకుంటారు. ఆపే చెయ్యి ఏది చెడ్డదో తన లెక్క ప్రకారం చూసుకుంటుంది.

మరి నచ్చనివాళ్ళు ఏం చెయ్యాలంటారా? మూడో పద్ధతి ఒకటుంది. అదీ ఒక స్త్రీ చేసి చూపించిందే.

విజయా మూలే అని బొంబాయిలో పుట్టినావిడ. పెళ్ళయి పాట్నా వెళ్ళారు. కాపురం చేసుకుంటూనే చదువుకున్నారు, ఆపైన విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ నలుగురు కలిసి చందాలేసుకుని మంచి సినిమాలు తెప్పించుకు చూడడం, చూశాక కూచుని వాదించుకోవడం ఆవిడకి బాగా నచ్చింది. తిరిగొచ్చాక పాట్నాలో అలాంటి సంఘమే పెట్టారు. ఆ 1950లలోనే, పదమూడువేలమంది సంతకాలు పెట్టిన ఆ ఢిల్లీలోనే, ఉద్యోగరీత్యా వచ్చి అక్కడా ఫిల్మ్ సొసైటీ పనికి పూనుకున్నారు. 1959లో దేశంలోని ఇలాంటి సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడితే దాని సంయుక్త కార్యదర్శుల్లో ఆవిడ ఒకరు. అధ్యక్షుడు సత్యజిత్ రాయ్.

ఆ రాయ్‌గారి సంగతీ ఇలాంటిదే. 1947లో స్నేహితులతో కలిసి కలకత్తాలో ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1948లో 'స్టేట్స్‌మన్' పత్రికలో మన సినిమాల్లో లోపమెక్కడుందో వివరంగా రాశారు. అంతటితో ఊరుకోలేదు. తనకి నచ్చే సినిమా ఎవరూ తియ్యడం లేదు కాబట్టి తానే పూనుకున్నారు. డబ్బు చాలక షూటింగు మాటిమాటికీ ఆగిపోతుంటే ఆయన భార్య విజయాగారు ఒంటిమీది నగలిచ్చారు. చివరికి బెంగాల్ ప్రభుత్వం సాయం చేసింది. 1955 ఆగస్టులో కలకత్తాలో 'పథేర్ పాంచాలీ' విడుదలైంది. మొదట్లో జనం పల్చగానే వచ్చారట. తర్వాత ఆ నోటా ఈ నోటా పడి హాళ్ళు కిటకిటలాడాయి.

మనకీ అలాంటి అనుభవం ఉంది. 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాళ్ళు నిండలేదు. పేరున్న హీరో లేడు, ముసలాయన సంగీతం, ఎవరు చూస్తారన్నారు. చూసినవాళ్ళు ఇంటికెళ్ళి పక్కవాళ్ళకి చెప్పారు. వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. ఆ తర్వాత టిక్కెట్టు దొరకలేదు. చూశారా, "అందరికీ నచ్చింది" అంటామే, ఆ అందరూ ఎక్కడినించో ఊడిపడరు. ఒక్కొక్కరూ నోరు విప్పి చెబితేనే అందరూ అవుతారు. నచ్చిందని చెప్పేవాళ్ళ మాటకి అంత బలం ఉంటే, నచ్చలేదని చెప్పేవాళ్ళ మాటకి మాత్రం ఉండదా? "ఆడవాళ్ళకి ఇలాంటివే ఇష్టం" అని మన పేరు చెప్పి ఎన్నో బొమ్మలు తీస్తారు. మనం నోరు విప్పకపోతే, మనకవే ఇష్టమని ఒప్పుకున్నట్టే కదా!

అలాగని నచ్చినవాళ్ళని చిన్నచూపు చూడమని నేననను. రోజంతా చాకిరీ చేసి అలిసిపోయిన మనిషి మూడు గంటలు నవ్వుకుని వస్తే తప్పేముంది? పిల్లల్ని వెళ్ళొద్దని కట్టడి చేస్తే, వాళ్ళూ సిలోన్ మీట తిప్పినట్టు ఇంకో దారి చూసుకుంటారు. మనం చెయ్యవలసింది ఒక్కటే. చూసి, ఎందుకు నచ్చలేదో ఆలోచించుకుని, ఆ ఒక్క ముక్కా నెమ్మదిగా చెప్పడం.

నేనూ అదే చేశాను. ఆ రాత్రి అన్నాలయ్యాక మా అమ్మాయిని కూచోబెట్టి, "ఆ చెంపదెబ్బ దగ్గర నాకు నవ్వు రాలేదే" అన్నాను. "అబ్బ, సినిమాయే కదమ్మా!" అంది. "సినిమాయే. కాని హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళు నిజం మనుషులే కదా?" అన్నాను. అది మారు మాట్లాడలేదు. కాసేపటికి, "అందరూ నవ్వారని నేనూ నవ్వానేమో" అంది.

మర్నాడు పక్కింటావిడ ఎదురైతే నేనే పిలిచి చెప్పాను. "నిన్న అబద్ధం చెప్పానమ్మా, నాకా బొమ్మ నచ్చలేదు." ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఏమందో తెలుసా? "నాకూ నచ్చలేదు పిన్నిగారూ. ఎవరికి చెప్పుకోవాలో తెలీక ఊరుకున్నాను."