నెలజీతం, స్వేచ్ఛ, కృష్ణానగర్

2023 డిసెంబరులో ఒకనాటి పొద్దున అమెరికా నుంచి మా అన్నగారబ్బాయి ఫోను చేశాడు. వాడికి బేస్‌బాల్ పిచ్చి. "బాబాయ్, ఒహ్తానీ ఫ్రీ ఏజెంటయ్యాడు కదా, డాడ్జర్స్ వాళ్ళు పదేళ్ళకు 70 కోట్ల డాలర్లిచ్చి రాయించుకున్నారు!" అన్నాడు. ఒహ్తానీ ఎవరో, ఫ్రీ ఏజెంటంటే ఏమిటో నాకప్పటికి తెలియదు. "ఎవరికీ కట్టుబడి లేనివాడు బాబాయ్. ఒప్పందం తీరిపోయింది. ఇక ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ దగ్గరికి పోవచ్చు" అని విడమరిచి చెప్పాడు.

ఫోను పెట్టేసి వసారాలోకి వచ్చి నిలుచున్నాను. కృష్ణానగర్‌లో మా ఇల్లు రెండో అంతస్తు. కింద వీధి మొగలో రోజూ కనిపించే దృశ్యమే ఆనాడూ ఉంది. తెల్లవారకముందే వచ్చిన యూనిట్ బస్సులు వెళ్ళిపోగా, పిలుపు అందని వాళ్ళు పదీ పదిహేను మంది టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, సెట్ పనివాళ్ళు. వీళ్ళు కూడా ఎవరికీ కట్టుబడి లేనివాళ్ళే. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి పోవచ్చు. ఒకే మాట అక్కడొక మనిషికి 70 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టి, ఇక్కడ కొందరిని టీ కొట్టు దగ్గర నిలబెట్టింది. ఎందుకిలా జరిగిందన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. రెండు చరిత్రలూ పక్కపక్కన పెట్టుకొని చదివాక తోచినదే ఈ నాలుగు మాటలు.

అమెరికాలో బేస్‌బాల్ యజమానులు 1879లో ఒక కట్టడి చేసుకున్నారు. ఒక్కొక్క జట్టు తన ఆటగాళ్ళలో అయిదుగురిని 'తనవారు'గా ఉంచుకోవచ్చు; మిగిలిన జట్లు వారి జోలికి పోకూడదు. పోను పోను ఆ అయిదుగురి కట్టడి జట్టులో అందరికీ పాకింది. రిజర్వ్ క్లాజ్ అని దానికి పేరు. ఒప్పందం గడువు తీరినా మరో ఏడాదికి దానిని పొడిగించే హక్కు యజమానిది. ఆ ఏడాది తీరితే మళ్ళీ పొడిగింపు. అంటే ఒకసారి సంతకం చేసినవాడు ఆట మానేసేదాకా ఆ జట్టుకే చెందుతాడు. జట్టు మాత్రం అతనిని మరో ఊరి జట్టుకు ఎప్పుడైనా మార్చేయవచ్చు.

1969లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడిని అలాగే ఫిలడెల్ఫియాకు మార్చింది. అప్పటికి ఆయన సంవత్సరపు జీతం 90,000 డాలర్లు. నల్లజాతివాడు, పన్నెండేళ్ళుగా ఆ జట్టుకు ఆడినవాడు. తన ఇష్టాయిష్టాలు అడగకుండా కొనడానికీ అమ్మడానికీ తాను సరుకును కానని ఆ డిసెంబరు 24న బేస్‌బాల్ కమిషనర్ బోవీ కూన్‌కు ఉత్తరం రాశాడు. తర్వాత కోర్టుకెక్కాడు. 1970 సీజను మొత్తం వదులుకున్నాడు. విచారణ జరుగుతున్నప్పుడు రిటైరయిన జాకీ రాబిన్సన్ వంటివారు వచ్చి సాక్ష్యమిచ్చారు గాని, అప్పట్లో ఆడుతున్న ఆటగాడొక్కడూ ఆ ఛాయలకు రాలేదు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆయన ఆటజీవితం అప్పటికే ముగిసిపోయింది.

కాని ఆయన వేసిన విత్తనం మొలకెత్తింది. ఆటగాళ్ళ సంఘానికి 1966 నుంచి మార్విన్ మిల్లర్ నాయకుడు. ఉక్కు కార్మికుల సంఘంలో పనిచేసి వచ్చినవాడు. కోర్టులో పోయినదానిని ఆయన ఒప్పందపు కాగితంలో వెతికాడు. వివాదాలను తటస్థుడైన మధ్యవర్తి తేల్చాలన్న షరతును యజమానుల చేత ముందే ఒప్పించి ఉన్నాడు. ఆండీ మెస్సర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు సంతకం పెట్టకుండానే 1975 సీజనులోకి దిగారు. ఆ డిసెంబరు 23న మధ్యవర్తి పీటర్ సైట్జ్, 'ఒక ఏడాది పొడిగింపు అంటే ఒకే ఒక్క ఏడాది' అన్న అర్థమే చెల్లుతుందని తేల్చాడు. దాదాపు వందేళ్ళ ముడి ఒక్క మాటకు అర్థం చెప్పడంతో ఊడింది.

మెస్సర్‌స్మిత్ ఆడినది లాస్ ఏంజెలెస్ జట్టుకు. ఆ ఊరిలోనే అంతకు మూడు దశాబ్దాల ముందు మరొక ముడి విడిపోయింది. హాలీవుడ్ స్టూడియోలు నటులను ఏడేళ్ళ ఒప్పందాలతో కట్టేసేవి. వేషం నచ్చలేదని కాదంటే సస్పెండు చేసి, ఆ కాలాన్ని ఏడేళ్ళకు అదనంగా కలిపేవి. నటి ఒలీవియా డి హావిలాండ్ వార్నర్ బ్రదర్స్ మీద 1943లో దావా వేసింది. ఏడేళ్ళంటే క్యాలెండరు లెక్కన ఏడేళ్ళేనని 1944లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు చెప్పింది. ఈ రెండు సందర్భాలలోనూ గెలిచింది ఒకరిద్దరైనా, మారింది నియమం. అందుచేత ఆ తర్వాత వచ్చిన ప్రతివారికీ అది వర్తించింది.

ఇక మన సంగతి. మద్రాసులో మన సినిమా కూడా కొంతకాలం స్టూడియోల నీడనే పెరిగింది. జెమినీలో ఎస్.ఎస్. వాసన్ దగ్గర కథల విభాగం నుంచి గుమాస్తాల దాకా జీతగాళ్ళే. అక్కడ నటుల ఎంపిక విభాగంలో ఉద్యోగానికి చేరిన గణేశన్ అనే యువకుడే తర్వాత జెమినీ గణేశన్ అయ్యాడు. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థ 1950లో 'షావుకారు'తో మొదలైంది. 'మనదేశం'తో అప్పుడే తెరకెక్కిన ఎన్.టి. రామారావు గారిని విజయా వారు నెలజీతం మీద ఒప్పందానికి తీసుకున్నారు. 'పాతాళభైరవి', 'పెళ్ళిచేసి చూడు' ఆ రోజులలో వచ్చినవే. రచనకు పింగళి, కెమెరాకు మార్కస్ బార్ట్‌లే, కళకు గోఖలే, కళాధర్: ఒక ఆస్థానంలాగా నడిచింది ఆ సంస్థ.

ఆ కట్టు మన దగ్గర ఎలా విడిపోయిందన్నదే అసలు సంగతి. ఇక్కడ ఏ ఫ్లడ్డూ కోర్టుకు పోలేదు. ఏ మధ్యవర్తీ ఒప్పందానికి అర్థం చెప్పలేదు. మన తారలు మరొక దారి పట్టారు. తామే యజమానులయ్యారు. 1951లో దుక్కిపాటి మధుసూదనరావు గారు స్థాపించిన అన్నపూర్ణా పిక్చర్స్‌కు అక్కినేని నాగేశ్వరరావు గారు ఛైర్మన్. రామారావు గారి ఎన్.ఏ.టి. నుంచి 1953లో 'పిచ్చిపుల్లయ్య' వచ్చింది. 1965లో ఆదుర్తి సుబ్బారావు గారు కొత్తవారితో తీసిన 'తేనెమనసులు'లో వెలుగులోకి వచ్చిన కృష్ణ గారు తర్వాత పద్మాలయా సంస్థను నిలబెట్టారు. తెలుగు సినిమా హైదరాబాదుకు రావడానికి ఈ తారల స్టూడియోలే పెద్ద ఆసరా అయ్యాయి. బేస్‌బాల్ ఆటగాడు కలలోనైనా చేయలేని పని ఇది. గర్వించదగినదే.

అయితే ఈ దారిలో ఒక లోపం ఉంది. తార తన కట్టు తాను విప్పుకున్నాడు గాని నియమం ఏదీ పుట్టలేదు. నియమం లేని స్వేచ్ఛ వారసత్వంగా కొడుకులకు వస్తుంది గాని తోటి పనివాడికి రాదు. పేరున్నవాడికి ఒప్పందం లేకపోవడం అంటే బేరం పెరగడం. పేరు లేనివాడికి అదే ఒప్పందం లేకపోవడం అంటే రేపటి భరోసా పోవడం.

మా కింది వాటాలో ఒక పెద్దాయన ఉంటారు. డెబ్బై దాటాయి. చిన్నతనంలోనే మద్రాసు చేరి, ఒక స్టూడియోలో లైట్ల విభాగంలో కుదిరినవారు. "ఒకటో తారీఖున జీతం బాబూ. పండక్కి బోనసు. షూటింగున్నా లేకపోయినా కార్బన్లు తుడుచుకుంటూ కూర్చునేవాళ్ళం" అంటారు. తర్వాత స్టూడియో సొంత సినిమాలు తగ్గించి ఫ్లోర్లు అద్దెకివ్వసాగింది. జీతాలు పోయి కాల్షీట్ల లెక్క వచ్చింది. రోజు కూలి, బేటా. పరిశ్రమ వెంట ఆయనా హైదరాబాదు వచ్చారు. ఇప్పుడాయన కొడుకు అదే పనిలో ఉన్నాడు. పిలుపు రాని పొద్దున టీ కొట్టు దగ్గర నిలబడేవాళ్ళలో అతనూ ఒకడు.

ఒహ్తానీ సంగతి ఆయనతో చెప్పాను. ఆ 70 కోట్లలో 68 కోట్లు ఒప్పందం ముగిశాకే, 2034 నుంచి ఇస్తారట అన్నాను. పెద్దాయన బోసినోటితో హాయిగా నవ్వి, "అయితే లేటు పేమెంటు అక్కడా ఉందన్నమాట!" అన్నారు.

అమెరికాలో అంతా సవ్యంగా జరిగిందని కాదు. పెద్ద లీగులో మిల్లర్ చేసిన మొదటి పని తారల జీతాలు పెంచడం కాదు. అట్టడుగు జీతం పెంచడం. 1968 నాటి తొలి ఒప్పందంతో కనీస జీతం 6,000 నుంచి 10,000 డాలర్లయింది. 1980ల మధ్యలో యజమానులు కూడబలుక్కొని ఫ్రీ ఏజెంట్లను ఎవరూ తీసుకోకుండా చేస్తే, సంఘం పోరాడి 28 కోట్ల డాలర్ల పరిహారం రాబట్టింది. కాని చిన్న ఊళ్ళలో ఆడే మైనర్ లీగు కుర్రాళ్ళను ఆ సంఘం కూడా చాలాకాలం పట్టించుకోలేదు. 2018లో అక్కడి కాంగ్రెసు వారికి కనీస వేతన చట్టపు రక్షణను బాగా కుదించింది కూడా. చివరకు 2022లో వారు సంఘంలో చేరారు. 2023లో తొలి ఒప్పందం కుదిరి జీతాలు రెట్టింపు, అంతకు మించీ అయ్యాయి. సైట్జ్ తీర్పు తర్వాత 47 ఏళ్ళకు! అక్కడ మైనరు, ఇక్కడ జూనియరు. పేరులోనే ఉంది వారి గతి.

కృష్ణానగర్‌కూ సంఘాలున్నాయి. 2022 ఆగస్టులో తారల పారితోషికాలతో సహా ఖర్చులు మోయలేకపోతున్నామని నిర్మాతలు కొందరు షూటింగులు ఆపినప్పుడు, మొదట పస్తు పడింది మా వీధే. 2025 ఆగస్టులో కార్మికుల ఫెడరేషన్ 30 శాతం పెంపు కోరి రెండు వారాలకు పైగా సమ్మె చేసింది. చివరకు రోజుకు 2,000 రూపాయల లోపు అందుకునేవారికి మూడేళ్ళలో మెట్లుగా 22.5 శాతం పెంపు కుదిరింది. ఆ రోజులలో మా వీధి మొగలో బస్సులు లేవు. సాయంత్రాలు పెద్దాయన కొడుకు ఇంటిముందు కూర్చొని తండ్రితో మాట్లాడుతుండేవాడు. ఇంట్లో బియ్యం గురించి దిగులున్నా మొహంలో ఒక నిబ్బరం ఉండేది. పిలుపు కోసం ఎదురుచూడని రోజులు అతని జీవితంలో బహుశా అవే కావచ్చు.

స్వేచ్ఛ అనే మాటను ఇప్పుడు నేను తొందరపడి పొగడను. కట్టు విప్పడం సగం పని. విప్పినవాడి కాళ్ళ కింద నేల ఉందో లేదో చూడడం మిగతా సగం. డి హావిలాండ్‌కూ మెస్సర్‌స్మిత్‌కూ దొరికింది నియమం. మన తారలకు దొరికింది సంస్థ. కృష్ణానగర్‌కు దొరకవలసింది ఇంకా కాగితం మీద కొంచెం కొంచెంగా, మూడేళ్ళకొక మెట్టుగా వస్తోంది.

సమ్మె ముగిసిన మర్నాడు తెల్లవారుజామున బస్సుల చప్పుడుకు మెలకువ వచ్చింది. వసారాలోంచి చూశాను. పెద్దాయన కొడుకు టిఫిను డబ్బా చేత పట్టుకొని బస్సెక్కుతున్నాడు. పెద్దాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. బస్సు మలుపు తిరిగాక నన్ను చూసి, "పని దొరికింది బాబూ" అన్నారు. ఆ మాటలో సంతోషం ఉంది. 'ఈ పూటకి' అన్న మాట కూడా, ఆయన పైకి అనకపోయినా, నాకు వినిపించింది.