పళ్లెం పక్కన నీళ్లు: బడి భోజన చట్టాల్లో చోటు, వేళ

విస్తరి వేయగానే మనవాళ్లు ముందు పెట్టేది నీళ్ల గ్లాసు. వడ్డన ఆ తర్వాతే. ఇంత మామూలు సంగతిని అమెరికా చట్టంగా రాసుకోవలసి వచ్చింది. 2010 డిసెంబరు 13న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన ‘హెల్దీ, హంగర్ ఫ్రీ కిడ్స్ యాక్ట్’ 203వ సెక్షన్ ప్రకారం, జాతీయ బడి భోజన పథకంలో ఉన్న పాఠశాలలన్నీ పిల్లలకు తాగునీటిని ఉచితంగా అందుబాటులో ఉంచాలి. అదీ భోజనం వడ్డించే చోట, వడ్డించే వేళ. చట్టంలోని బలమంతా ఈ చివరి రెండు మాటల్లోనే ఉందని నా అభిప్రాయం. నడవా చివర కుళాయి ఉన్నా, అన్నం ముందు కూర్చున్న పిల్లవాడికి అది అందదు.

అయితే ఆ రెండు మాటల అమలు వదులుగానే మొదలైంది. బల్లల మీద జగ్గులు, కప్పులు పెట్టినా, గోడకు ఫౌంటెన్ ఉన్నా, సీసాలు నింపుకునే కుళాయి ఉన్నా సరిపోతుందని ఆ పథకాన్ని నడిపే అమెరికా వ్యవసాయ శాఖ వివరణ ఇచ్చింది. విడిగా నిధులేమీ ఇవ్వలేదు. ప్రభుత్వం డబ్బు తిరిగి చెల్లించే భోజనంలో పాలు ఒక భాగం, నీళ్లు కావు; పాలకు బదులుగా నీళ్లు ఇవ్వకూడదు కూడా. కాలిఫోర్నియా అదే ఏడాది సొంత చట్టం చేసి 2011 జులై 1 నుంచి అమల్లో పెట్టింది. కానీ ఆర్థిక ఇబ్బందులో, ఆరోగ్య భద్రతా కారణాలో చూపి, నీళ్లు పెట్టలేమని బడి బోర్డులు తీర్మానం చేసుకునే వీలు అందులోనే ఉంచింది. దాహానికి మినహాయింపు తీర్మానమన్నమాట!

ఫౌంటెన్ దగ్గర వంగి ఒక గుక్క మింగడం వేరు, కప్పు నింపుకుని పళ్లెం పక్కన పెట్టుకోవడం వేరు. బోస్టన్‌లో 10 బడుల్లో జరిగిన అధ్యయనం ఈ తేడానే పట్టుకుంది. కొత్త యంత్రాలేమీ లేవు. ఫౌంటెన్ల పక్కన కప్పులు, గోడ మీద బొమ్మల ప్రకటనలు పెట్టారంతే. భోజనవేళ నీళ్లు తాగే పిల్లల సంఖ్య పెరిగింది.

న్యూయార్క్ నగరం ఇంకాస్త ఖర్చు పెట్టి, మీట నొక్కగానే చల్లని నీళ్లు పోసే పారదర్శక పాత్రలను భోజనశాలల్లో అమర్చింది. 1,227 బడుల్లోని పది లక్షలకు పైగా విద్యార్థుల వివరాలతో 2016లో వెలువడిన అధ్యయనం, ఎత్తుకు తగ్గ బరువును చెప్పే ప్రామాణిక సూచిక మగపిల్లల్లో 0.025, ఆడపిల్లల్లో 0.022 తగ్గినట్టు లెక్కగట్టింది. అల్పమైన తగ్గుదలే. కానీ దానికోసం ఏ పిల్లనూ తూకం వేసి మందలించలేదు, ఎవరి పళ్లెంలోంచీ ఏదీ తీసేయలేదు. ఆ బడుల్లో పాల కొనుగోలు కూడా కొంత తగ్గింది. పాల ఉత్పత్తిదారులకు ఇది రుచించకపోవచ్చు.

నీళ్లు అందితే చాలదు, నమ్మకం కుదరాలి. మిషిగన్‌లోని ఫ్లింట్ నగరంలో కుళాయి నీళ్లలో సీసం బయటపడ్డాక, పాత గొట్టాల్లోని సీసం బడుల్లోనూ భయమైంది. 2018 నాటి సమాఖ్య తనిఖీ నివేదిక ప్రకారం తాము అంతకుముందు 12 నెలల్లో సీసం పరీక్ష చేయించామన్న బడి జిల్లాలు 43 శాతమే. వాటిలో 37 శాతం జిల్లాలకు హెచ్చు స్థాయి సీసం కనిపించింది.

ఇక మన సంగతి. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో సురక్షిత తాగునీరు ఉంది. కానీ ఎక్కడ? బడి భవనానికి ఉండవలసిన హంగుల వరుసలో, మరుగుదొడ్ల పక్కన, వంటగది పక్కన. అంటే మన చట్టం దృష్టిలో నీళ్లు కట్టడానికి సంబంధించినవి, భోజనానికి కావు. మన మధ్యాహ్న భోజన పథకమైన పీఎం పోషణ్ కొలతల పట్టిక చూడండి: ప్రాథమిక తరగతులకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. ఉప్పుకు, పోపు దినుసులకు కూడా ‘అవసరం మేరకు’ అంటూ ఒక వరుస ఉంది. నీళ్లకు లేదు. 2019లో కేరళలో మొదలై తెలుగు రాష్ట్రాలకూ పాకిన ‘వాటర్ బెల్’, అంటే నీళ్లు తాగమని బడిలో కొట్టే గంట, వేళను గుర్తుచేసింది గానీ, చాలాచోట్ల ఆ గంటకు తాగేది పిల్లలు ఇంటినుంచి మోసుకొచ్చిన సీసాలోని నీళ్లే. ఆ సీసా మధ్యాహ్నానికే ఖాళీ.

మన పట్టికలో చేర్చవలసింది ఒక్క వరుస: తాగునీరు, వడ్డించే చోట, వడ్డించే వేళ, గ్లాసుతో సహా.