పేరు గొప్ప, ఊరు దిబ్బ

కుంపటి దగ్గరికి జరుగు బుజ్జమ్మా. ఈపాటి చలికే ముడుచుకుపోతే రేపు సస్కాచువాన్‌లో ఏం చదువుతావే? అక్కడ జనవరిలో సున్నాకి 30 డిగ్రీలు కిందికి పోయినా ఎవరూ వింతగా చెప్పుకోరు. వెళ్లేచోటు గురించి నాలుగు ముక్కలు తెలుసుకుని వెళ్లు.

కెనడా పటంలో ఆ రాష్ట్రం ఇట్టే దొరుకుతుంది. నాలుగు పక్కలా గీసిన గీతలే. ఏ నదీ, ఏ కొండా, ఏ సముద్రమూ హద్దుగా లేని రాష్ట్రం ఆ దేశంలో అదొక్కటే. కింద 49వ అక్షాంశం, పైన 60వది. పడమటి గీత తిన్నగా పోతుంది గానీ తూర్పుగీతను కళ్లజోడు పెట్టుకుని చూడు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కదా, నేలను చదరాలుగా కొలుచుకుంటూ పోయిన సర్వేవాళ్లు అక్కడక్కడా లెక్క సర్దుకోవాల్సి వచ్చింది. అందుకే తిన్నగా పోతున్న పల్లె రోడ్డు, చెట్టూ గుట్టా ఏదీ అడ్డం లేకుండానే ఉన్నట్టుండి పక్కకి జరిగి, మళ్లీ తిన్నగా పోతుంది. అంతా గోధుమ చేలే అనుకునేవు, ఉత్తరాన అడవులూ లెక్కలేనన్ని సరస్సులూ ఉన్నాయి. నువ్వు మధ్యాహ్నం వేలు నాకి మరీ తిన్న మైసూరుపప్పు కూడా అక్కడ విస్తారంగా పండి మన దేశానికి వస్తుంది.

సరే, పప్పులో కాలేసి దారి తప్పాను. పేర్ల సంగతికొద్దాం. సస్కాచువాన్ అంటే అక్కడి ఆదివాసులైన క్రీ జనం మాటలో వడిగా పారే నది. గీతలు గీసింది దొరలు, పేరు మాత్రం క్రీ వాళ్లది. రాజధాని కథ వేరు. వాస్కానా వాగు ఒడ్డున క్రీ జనం అడవిదున్నల ఎముకలు గుట్టగా పేర్చేవారు. బతికున్న దున్నలు ఆ ఎముకలను విడిచిపోవని వాళ్ల నమ్మకం. ఆ చోటుకు ఎముకల దిబ్బ అనే పేరు. చెట్టు లేదు, చాలినన్ని నీళ్లు లేవు. అయినా రాష్ట్రం ఇంకా పుట్టకముందే, 1882లో రాజధానికి అక్కడే ముగ్గు పోశారు. ఎంపిక చేసిన లెఫ్టినెంట్ గవర్నర్ డ్యూడ్నీకి ఆ పక్కనే సొంత భూములుండేవి. చూశావా, ఎక్కడైనా తన పొయ్యి కిందికే మంట! గవర్నర్ జనరల్ భార్య లూయీజ్, విక్టోరియా రాణి కూతురు, తల్లి మీద గౌరవంతో రిజైనా అని పెట్టింది. లాటిన్‌లో రాణి అని అర్థం. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనే మన సామెత ఆ ఊరికి అక్షరాలా సరిపోయింది. రెజీనా అనకే తల్లీ, రిజైనా అనాలి.

హాల్టేన్ అనే నాయకుడు అక్కడి మైదానాలన్నీ కలిపి ఒకే రాష్ట్రం చేయమన్నాడు, దానికి బఫెలో అని పేరు పెట్టమన్నాడు. ప్రధాని లోరియే ఒప్పుకోలేదు. 1905 సెప్టెంబరు 1న ఆల్బర్టా, సస్కాచువాన్ కవలల్లా పుట్టాయి. సస్కాచువాన్‌కు 61 మంది సభ్యులతో ఒకే సభ ఉంది, మనకున్నట్టు మండలి లేదు. రాజుగారి తరఫున లెఫ్టినెంట్ గవర్నర్, పాలన నడిపేది ప్రీమియర్.

ఇక ధరలు విను. 1874లో నేల కోసం క్రీ, సోటో జనంతో ఒప్పందం రాసుకున్నప్పుడు మనిషికి ఏటా 5 డాలర్లు ఇస్తామన్నారు. ఇవాళ్టికీ ఆ 5 డాలర్లే! అదే నేలను వలస వచ్చినవాళ్లకు 10 డాలర్ల రుసుము కట్టించుకుని 160 ఎకరాల చొప్పున పంచారు. మూడేళ్లు అక్కడ కాపురముండి, ఇల్లు కట్టి, దున్ని చూపాలి. కలప లేదు, గడ్డివేళ్లతో మట్టిపెళ్లలు కోసి గోడలు లేపేవారు. మంచుతుఫానులో పశువులకు మేత వేయాలంటే ఇంటి గుమ్మం నుంచి కొట్టం దాకా కట్టిన తాడు పట్టుకునే నడవాలి. తాడు వదిలితే ఇంటి ముందే దారి తప్పి గడ్డకట్టిపోయేవారు. రెక్కాడితే గాని డొక్కాడని ఆ జనానికి జబ్బు చేస్తే పొలం తాకట్టే.

అందుకే 1947లో ప్రీమియర్ టామీ డగ్లస్ ప్రభుత్వం మనిషికి ఏడాదికి 5 డాలర్లు కట్టించుకుని ఆస్పత్రి ఖర్చు తానే పెట్టుకుంది. 1962 జూలైలో డాక్టరు ఫీజు కూడా తానే ఇస్తానంటే డాక్టర్లు 23 రోజులు సమ్మె కట్టారు. అప్పటికి డగ్లస్ ఢిల్లీ రాజకీయాల్లాంటి ఆటవా రాజకీయాల్లోకి వెళ్లిపోయాడు, అతని తర్వాత ప్రీమియరైన వుడ్రో లాయిడ్ మీద భారం పడింది. ఆయన కొంత దిగాడు, డాక్టర్లూ కొంత దిగారు, పథకం మాత్రం ఆగలేదు. కొన్నేళ్లలోనే కెనడా అంతా ఆ దారే పట్టింది. నువ్వు దిగగానే మొదట ఆ వైద్యం కార్డుకు దరఖాస్తు పెట్టుకో.